తుడిస్తే చాలదు, కడగాలి



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టూ ఆఫీసులు, వాటితోపాటు హోటళ్లు, ఫుడ్ కోర్టులు వెలిశాయి. మన ఇళ్లలోని యువతీయువకులు ఎందరో మధ్యాహ్నం అక్కడే భోంచేస్తున్నారు. కూర్చోగానే చేతికందేది నాప్కిన్. దాని సంగతి ఈసారి తెలుసుకుందాం.

అర్థం: ఫ్రెంచి భాషలో 'నాప్' అంటే బల్లమీద పరిచే గుడ్డ. దానికి 'చిన్నది' అని తెలిపే 'కిన్' చేరి నాప్కిన్ అయింది. అంటే చిన్న గుడ్డ.

పుట్టుక: ప్రాచీన గ్రీసులో పిండిముద్దతో చేతులు తుడుచుకొని దాన్ని కుక్కలకు వేసేవారు. రోమా విందులకు అతిథులు తమ గుడ్డ తామే తెచ్చుకొని, మిగిలిన పదార్థాలను అందులో మూటగట్టుకొని వెళ్లేవారు.

మన పద్ధతి: చేయి కడుక్కొని విస్తరి ముందు కూర్చుంటాం. తిన్నాక మళ్లీ కడుక్కొని తువ్వాలుకు తుడుచుకుంటాం. పాత హైదరాబాదు విందుల్లోనూ చిలంచి పట్టి, నీళ్లు పోసి అతిథుల చేతులు కడిగించేవారు. ముందు నీళ్లు, ఆ తరువాతే గుడ్డ. ఈ వరుసను నేడు మరచిపోతున్నాం.

లిఫ్టు మీట, సెల్‌ఫోన్, కీబోర్డు తాకిన చేతిని కాగితంతో తుడిస్తే జిడ్డు కొంత పోతుంది, క్రిములు మిగిలిపోతాయి. ఆ చేతితోనే అన్నం కలుపుతాం. ఇంటికొచ్చి పసిబిడ్డకు గోరుముద్దలు తినిపించేదీ ఆ చేతితోనే. విరేచనాలు, టైఫాయిడ్ వంటి జబ్బులు ఇలా కూడా అంటుకుంటాయి. పెద్దలకు రెండు రోజుల్లో తగ్గే విరేచనాలు పసివారికి ప్రాణాంతకం కావచ్చు.

జాగ్రత్తలు:

1. తినేముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగండి. గోళ్ల సందులు మరువకండి.

2. కడిగిన చేతిని ఆరబెట్టండి. తడి చేతికి క్రిములు త్వరగా అంటుకుంటాయి.

3. ఒకరి గుడ్డ మరొకరు వాడవద్దు. గుడ్డ నాప్కిన్లను సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయండి.

4. తుమ్ము, దగ్గుకు అడ్డుపెట్టిన కాగితాన్ని వెంటనే చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోండి.

5. బజ్జీల నూనెను పాత వార్తాపత్రికతో అద్దవద్దు. సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టవద్దని జాతీయ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

నాప్కిన్ మంచిదే. ఒళ్లో పరచుకుంటే బట్టలు పాడవవు, మూతి శుభ్రంగా ఉంటుంది. కాని అది సబ్బు చేసే పని చేయలేదు. ఈ రాత్రి భోజనానికి ముందు మీ పిల్లల్ని కుళాయి దగ్గరకు పిలిచి, మీరూ వారితో కలిసి చేతులు కడుక్కోండి. చెప్పినదానికంటే చూసినదే వారికి అలవాటవుతుంది.