హైడ్రాలిక్స్ పని: చేతికి నూనె అంటితే చిన్నతనమా?

ఇంటర్ ఫలితాలు వచ్చాక తల్లిదండ్రులు నా దగ్గరికి మోసుకొచ్చే ప్రశ్న ఒకటే. సీఎస్‌ఈలో ఏఐ తీసుకోవాలా, డేటా సైన్స్ తీసుకోవాలా? చదవాల్సినవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు, వాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. మొన్న ఒకబ్బాయి తనంతట తానే ఫోన్ తీసి వీడియో చూపించాడు. అమెరికాలో ఒకాయన మోటర్‌హోమ్ కింద దూరి జాకులో నూనె ఎక్కడ కారుతోందో వెతుకుతున్నాడు. "సార్, ఈ పని నేర్చుకోవాలంటే ఏం చదవాలి?" అన్నాడు. వాళ్ల నాన్న ముఖం మాడిపోయింది. "షెడ్డులో చేర్చడానికా కార్పొరేట్ కాలేజీకి అంత ఫీజు కట్టింది?"

మార్కులు రానివాడే ఐటీఐకి పోతాడని, చేతికి నూనె అంటిందంటే చదువు అబ్బనట్టేనని మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటా ఒక నమ్మకం. ఫీజుల సంగతి అలా ఉంచండి. ముందు ఆ వీడియోలో జరుగుతున్న పని ఏమిటో ఆ నాన్నకు తెలియాలి.

మోటర్‌హోమ్ అంటే పడకలు, వంటిల్లు, స్నానాల గది ఉన్న పెద్ద బండి. ఎగుడుదిగుడు నేల మీద ఆపినప్పుడు అడుగున ఉన్న హైడ్రాలిక్ జాకులు కిందికి దిగి దాన్ని సమంగా నిలబెడతాయి. బ్యాటరీతో తిరిగే మోటారు, పంపు, నూనె ట్యాంకు, జాకులను విడివిడిగా నడిపే సోలెనాయిడ్ వాల్వులు, హోస్ పైపులు. సరంజామా ఇంతే. యజమాని వచ్చి వెనక జాకు దగ్గర నూనె కారుతోందంటాడు. సగం నేర్చిన మెకానిక్ వెంటనే ఆ జాకు విప్పి కొత్త సీలు వేస్తాడు. పని తెలిసినవాడు అసలు కారింది ఏ నూనో ముందు చూస్తాడు. చాలా మోటర్‌హోమ్‌ల జాకుల్లో పోసేది ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఉండేదీ అదే రకం కాబట్టి, ఎర్రగా కనిపించినంత మాత్రాన నేరం జాకుదే అనడానికి లేదు.

తర్వాత ట్యాంకు. జాకులు దిగి ఉన్నప్పుడు నూనె సిలిండర్లలో ఉంటుంది, ట్యాంకులో మట్టం తగ్గి కనిపిస్తుంది. అది తెలియక ఎవరో మూతిదాకా పోస్తారు. జాకులు పైకి లాగగానే సిలిండర్లలోని నూనె వెనక్కి వచ్చి ట్యాంకు పొంగుతుంది, కిందంతా మడుగవుతుంది. ఏ సీలూ చెడలేదు, ఏ పైపూ పగల్లేదు. జాకులన్నీ పూర్తిగా ముడుచుకున్నాకే మట్టం చూడాలన్న సంగతి తెలియకపోవడమే జబ్బు.

ట్యాంకు సరిగానే ఉంటే అంతా కడిగి, ఆరబెట్టి, జాకును ఆడిస్తూ చూడాలి. నూనె కిందికి జారుతుంది, బండి నడిస్తే గాలికి వెనక్కి చిమ్ముతుంది. అందుకే చుక్క పడేచోట కాకుండా, తడి ఉన్నవాటిలో అన్నిటికంటే పైచోటు పట్టుకోవాలి. రాడ్ మీద పల్చటి నూనె పొర ఉండటం మామూలే, చుక్కలుగా కారడం మాత్రం కాదు. రాడ్‌ను గోటితో తడిమితే గీత తగిలిందా? అయితే కొత్త సీలు వేసినా ఆ గీత దాన్నీ కోసేస్తుంది. జాయింటు దగ్గర కారుతుంటే ఇంకా బిగించేద్దామని చేతులు దురదపెడతాయి. లోపల నలిగిన ఓ-రింగు బిగిస్తే బాగుపడదు, పైగా ఫిట్టింగు పగులుతుంది.

నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైనది బయట చుక్క కూడా కనిపించని లీకు. రాత్రి సమంగా నిలిపిన బండి తెల్లారేసరికి ఒక మూలకు ఒరిగి ఉంటుంది. నేలంతా పొడిగానే ఉంటుంది. అంటే నూనె లోపలి దారినే ట్యాంకులోకి తిరిగిపోతోంది. వాల్వు సీటులో ఇరుక్కున్న నలుసు కావచ్చు, సరిగా మూయని మాన్యువల్ రిలీజు కావచ్చు. ఒరుగు కొద్దిపాటిదైతే రాత్రి చలికి నూనె కుంచించుకుని జాకు కాస్త దిగి ఉండొచ్చు, అది రోగమే కాదు. వాల్వులు ఒకే రకమైతే రెండు జాకుల వాల్వులు అటూ ఇటూ మార్చి చూస్తారు. తేడా వాల్వుతోపాటు రెండో జాకుకు వెళ్లిందంటే దొంగ దొరికినట్టే. ఒక్కో కారణాన్నీ పరీక్షించి పక్కన పెట్టే ఈ పద్ధతిని ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద చెబితే గొప్ప చదువంటాం, షెడ్డులో చేస్తే ముఖం చిట్లిస్తాం.

మోటర్‌హోమ్‌లు మన రోడ్ల మీద అరుదే. హైడ్రాలిక్స్ మాత్రం అరుదు కాదు. గుంత తవ్వేముందు జేసీబీ వెనక దిగే రెండు కాళ్లు, క్రేను నాలుగు పక్కలా చాచే కాళ్లు మోటర్‌హోమ్ జాకులకు దగ్గరి చుట్టాలే. టిప్పరు, పొక్లెయిన్, బోరు బండి, వరికోత మిషన్, అన్నిటి బలమూ నూనె ఒత్తిడిలోనే ఉంది. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో దుమ్మే సీళ్లకు శత్రువు. సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గు కోస్తున్నంతసేపూ పైకప్పును మోసేవి హైడ్రాలిక్ సపోర్టులే. శ్రీసిటీలో కొబెల్కో ఎక్స్‌కవేటర్లే తయారవుతున్నాయి. కోతల వారంలో మిషన్ ఆగిపోతే రైతుకూ యజమానికీ గంట గంటకూ నష్టమే. అప్పుడు వాళ్లు వెతికేది లీకు కనిపెట్టేవాడి కోసం, వాడి డిగ్రీ కోసం కాదు.

దారి చెప్పడానికి నాలుగు మాటలు చాలు. పది పాసైతే ఐటీఐలో ఫిట్టర్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. పాలిటెక్నిక్ కావాలంటే పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమా మూడేళ్లు. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. నన్నడిగితే హైడ్రాలిక్స్ మీద మనసున్నవాడికి ఫిట్టర్ ట్రేడే మేలు. ఆకురాయి పట్టడం నుంచి కొలతలు తీయడం దాకా చెయ్యి కుదురుతుంది, సిలబస్‌లో హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్ పాఠాలూ ఉన్నాయి. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలొద్దు. ఆర్టీసీ, సింగరేణి, విశాఖ ఉక్కు ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. స్టైపెండ్ తక్కువే. అయినా ఆ కాలం గడిపి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ణీ, నేరుగా ఉద్యోగానికి పరిగెత్తినవాణ్ణీ పక్కపక్కన నిలబెడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక జాగ్రత్తలు. "నలభై ఐదు రోజుల్లో ఆపరేటర్ కమ్ హైడ్రాలిక్ మెకానిక్, నూరు శాతం ప్లేస్‌మెంట్" అని ఊరి బయట ఫ్లెక్సీలు కడుతున్నారు. అలాంటి చోట మిషన్ ఒకటే ఉంటుంది, దాని చుట్టూ పాతికమంది నిలబడి చూస్తారు. ఒక్క సిలిండరైనా విప్పి మళ్లీ బిగించకుండానే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఐటీఐ ఫీజుకు వెనకాడే ఇల్లే ఇలాంటి చోట అప్పు తెచ్చి కడుతుంది, ఎందుకంటే ఇక్కడ గడువు తక్కువ, మాట తీపి. ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: పోయిన బ్యాచ్ పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారో చూపిస్తారా? ఫోటోలు చూపిస్తే సరిపోదు, మనుషులను చూపించాలి.

రెండోది విదేశీ మోజు. అమెరికాలో మోటర్‌హోమ్ మెకానిక్‌లకు గిరాకీ ఉందని వీడియోల్లో విని, వీసా దొరుకుతుందని ఎవరో అంటే నమ్మేస్తున్నారు. హెచ్-1బీ కనీసం బ్యాచిలర్ డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగాలకు ఇచ్చేది. ఈ పనికి అది రాదు. గ్రీన్‌కార్డు దారిలో నైపుణ్య కార్మికుల విభాగం ఉన్నా, మన దేశం వాళ్ల వరుస ఏళ్లకేళ్లు పొడవు. గల్ఫ్‌కు క్రేన్ మెకానిక్‌లు వెళ్లడం నిజమే, అక్కడా ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోగల సేవా రుసుం ముప్పై వేల రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగాడంటే అక్కడితో మాట ఆపేయండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థలే. ముందు వాటి గడప తొక్కండి.

మూడోది ప్రాణానికి సంబంధించింది, దీన్ని ఫ్లెక్సీల మీద ఎవరూ రాయరు. హైడ్రాలిక్ పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి వేల పౌన్లలో ఉంటుంది. హోస్‌కు పడిన సూదిబెజ్జం నుంచి వచ్చే నూనె ధార చర్మాన్ని పొడుచుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. పసుపు అద్ది పనిలోకి దిగితే వేలు పోవచ్చు, చెయ్యీ పోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి, హైడ్రాలిక్ నూనె లోపలికి పోయిందని నోరు తెరిచి చెప్పాలి, అది శస్త్రచికిత్స కేసు. లీకు వెతకడానికి చెయ్యి పెట్టకుండా అట్టముక్క వాడాలి. హైడ్రాలిక్ జాకు ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు, స్టాండు పెట్టాకే దూరాలి. ఈ రెండు అలవాట్లూ మొదటి రోజే నేర్పని మేస్త్రి దగ్గర మీ పిల్లాణ్ణి ఉంచకండి.

ఈ పని అందరికీ పడుతుందని నేననను. ఎండలో, బురదలో, రాత్రిపూట క్వారీలో పని పడుతుంది. దేన్నైనా విప్పి చూసే తత్వం లేని పిల్లాణ్ణి ఐటీఐలోకి తోయడం, కోడింగ్ ఇష్టం లేనివాణ్ణి సీఎస్‌ఈలోకి తోయడం ఒకే రకం దౌర్జన్యం. ఆడపిల్లలు అడిగితే మాత్రం "నీకెందుకమ్మా" అనకండి. హోస్ తయారీ, సీళ్ల టెస్టింగు, సర్వీసు సెంటర్ల డయాగ్నస్టిక్స్ బల్ల దగ్గర కావాల్సింది కండ కాదు.

సెలవుల్లో పిల్లాణ్ణి విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి దగ్గరి హైడ్రాలిక్ షెడ్డులోనో పది రోజులు కూర్చోబెట్టండి. చేర్చే ముందు మీరే వెళ్లి చూడండి. ప్రెషర్ గేజు ఉందా, లేక అంతా చెవితో వినే చెబుతున్నారా? విప్పిన సీళ్లు శుభ్రమైన బల్ల మీద ఉన్నాయా, మట్టిలో ఉన్నాయా? సర్క్యూట్ డయాగ్రమ్ చదవగలిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఇంతకుముందు పనిచేసిన హెల్పర్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఐదేళ్లయినా స్పానర్లు అందిస్తూనే ఉన్నారంటే ఆ షెడ్డు వద్దు, పక్క వీధిలో ఇంకొకటి ఉంటుంది.