నిమ్మరసానికి చావని పురుగు

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగరీత్యా రెండేళ్లు హనోయ్‌లో ఉండి, మూడు నెలల క్రితం భీమవరం వచ్చేశాను. అక్కడ తోటి ఉద్యోగులతో కలిసి నాలుగైదుసార్లు ‘గోయ్ కా’ అనే పచ్చి చేపల వంటకం తిన్నాను. చెరువులో పెంచిన చేపే, పైగా నిమ్మరసం పిండుతారు, భయం లేదన్నారు. దానివల్ల కార్జంలో పురుగులు పడతాయని ఇక్కడ ఎవరో చెప్పారు. నాకు ఏ బాధా లేదు. పరీక్షలు అవసరమా? మాకూ చేపల చెరువులున్నాయి, గట్ల వెంట నత్తలు విపరీతం. ఇంట్లో చేపలు తినొచ్చా?

జవాబు: పరీక్ష చేయించుకోండి. ఈ పురుగులు తక్కువగా ఉన్నవాళ్లకు చాలావరకు ఏ బాధా ఉండదు. గొర్రెల్లో కార్జపు జలగ గురించి మీరు వినే ఉంటారు. దాని దూరపు చుట్టమే ఇది, పేరు క్లోనార్కిస్. పైత్యరస నాళాల్లో తిష్ఠ వేసి ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. ఎక్కువైతే కామెర్లు, రాళ్లు. ఏళ్ల తరబడి ఉంటే ఆ నాళాల్లోనే క్యాన్సర్ రావచ్చు. నాలుగైదుసార్లు తిన్నందుకు అంత దూరం ఆలోచించి కంగారు పడకండి.

చెరువు చేప కాబట్టి శుభ్రమన్న మాట మాత్రం ఒప్పుకోను. ఉత్తర వియత్నాం పల్లెల్లో పెరడు, చెరువు, పందుల దొడ్డి పక్కపక్కనే ఉంటాయి. మనుషులు, కుక్కలు, పిల్లులు, పందుల మలంలోని గుడ్లు నీళ్లలో పడితే నత్తలు తింటాయి. నత్త ఒంట్లో ఒక్క గుడ్డు నుంచే బోలెడు లార్వాలు పుట్టి, ఈదుకుంటూ వెళ్లి గ్రాస్‌కార్ప్ లాంటి చేపల కండలో గూడు కట్టుకుంటాయి. ఆ గూడు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. ముక్క ఎంత తాజాగా మెరుస్తున్నా కంటికి ఆనదు. ఈ కోవకే చెందిన పేగు పురుగులైతే అక్కడి నర్సరీ చెరువుల్లో చేపపిల్లలకే పడుతున్నాయి. పిల్లల్ని కొనే రైతుకు పాపం, తెలిసే దారేదీ?

నిమ్మరసం ముక్క రంగు మారుస్తుందే గాని పురుగును చంపదు. వెంట పుచ్చుకునే మందూ అంతే!

మలపరీక్ష వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించండి. గుడ్లు మరీ చిన్నవి, మన ల్యాబుల్లో వీటికోసం వెతికే అలవాటు తక్కువ. అందుకే వియత్నాంలో పచ్చి చేప తిన్న సంగతి ముందే చెప్పండి. గుడ్లు కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ మాత్రలు బరువును బట్టి డాక్టరు రాస్తారు, ఒకటి రెండు రోజుల్లో వైద్యం అయిపోతుంది. మనవాళ్లు నులిపురుగులకు వేసుకునే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనికి చాలదు.

ఇక మీ చెరువు సంగతి. నత్తలున్నంత మాత్రాన చేపకు ఈ పురుగు రాదు, నీళ్లలో దాని గుడ్లు పడాలి. మలం, దొడ్డి నీళ్లు చెరువులోకి రానివ్వకండి. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి బురద తీయిస్తే నత్తలూ తగ్గుతాయి. పచ్చి చేప కోసిన కత్తిపీటను కడగకుండా దానిమీదే పెరుగుపచ్చడికి ఉల్లిపాయలు తరగొద్దు. కుతకుతా ఉడికిన శీలావతి పులుసులో ఈ పురుగు బతకదు, నిశ్చింతగా తినండి.