కుంచె నోట్లో పెట్టొద్దు నాయనా

సత్యవేడు.

చిరంజీవి చిన్నాకి అత్త దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ మామకు మోకాలి నొప్పి మామూలే. ఈ ఉత్తరంలో రాసేదంతా ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. ఫోన్లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అంటూనే ఇంకో పని చూసుకుంటావు. అందుకే కాగితం తీశాను.

మీ అమ్మ ఆదివారం వచ్చింది. కాఫీ ఇస్తే ముట్టలేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని. "వాడు బెంగుళూరులో రాక్షసుల బొమ్మలు చేస్తున్నాడంట వదినా. జీతమంతా వాటికే పోస్తున్నాడంట. గదిలో దేవుడి పటం ఒక్కటి లేదు, బల్ల నిండా దయ్యాలేనంట" అని కళ్ళు తుడుచుకుంది. నీ గదిలో ఉండే పిల్లోడు వాళ్ళమ్మతో ఏదో అన్నాడు. ఆమె ఊత్తుకోట బస్సులో ఇంకెవరితోనో అన్నది. మీ అమ్మ చెవిన పడేసరికి నువ్వు వాటికి పూజ కూడా చేస్తున్నావు.

నువ్వు పంపిన ఫోటోలు ఆమెకు చూపించాను. ఇది ఆట, బల్ల మీద టేపుతో కొలిచి బొమ్మలను జరుపుతారు, పాచికలు వేసి ఎవరు గెలిచారో తేల్చుకుంటారు అని నాకు తెలిసినంత చెప్పాను. మన చదరంగంలో బంట్లు, ఏనుగులు లేవా, దీనికి ఇవి అన్నాను. టైమ్ మెషీన్ కథ రాసిన హెచ్.జి. వెల్స్ అంతటాయన నేల మీద బొమ్మ సైనికులను పేర్చి, బుల్లి ఫిరంగులతో కొట్టి ఆడుకున్నాడు, ఆ ఆట నియమాలతో 1913లో ఏకంగా పుస్తకమే వేశాడు అని కూడా చెప్పాను. వెల్స్ ఎవరో మీ అమ్మకు తెలీదు. పుస్తకాలు రాసే పెద్దమనిషి కూడా ఆడేవాడా అని మాత్రం కొంచెం కుదుటపడింది. తర్వాత కాఫీ తాగింది. డబ్బు సంగతి నువ్వే చూసుకో. నెలకు ఇంత అని ఒక హద్దు పెట్టుకుంటే చాలు, నేను అంతకన్నా అడగను.

రాక్షసుణ్ణి చేస్తే దోషమా? మన వైపు పుట్టినవాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా అది! ధర్మరాజుల గుళ్ళలో భారతం ఉత్సవాలు జరిగితే బకాసుర వధ రోజు కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. భీముడు ఎడ్లబండెక్కి, బండి నిండా తిండి పెట్టుకుని వీధులన్నీ తిరుగుతాడు. ఇక ఆ ఉత్సవాల్లోనే నేల మీద పడుకోబెట్టి చేసే దుర్యోధనుడి పెద్ద మట్టి బొమ్మ సంగతి. మీ తాత ఆ పనిలో ఎట్లా మునిగిపోయేవాడో నీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను. నేనూ మీ నాయనా గంపలతో మన్ను మోసేవాళ్ళం. పడుకోబెట్టిన ఆ బొమ్మ ఛాతీ మీద మనుషులు నడుస్తూ రంగు వేసేవాళ్ళు. మీసాలకు మసి, ఒంటికి ఎర్రరంగు. మీ నాయన ఒకసారి దుర్యోధనుడి చెవిలో కూర్చుని బొరుగులు తింటూ దొరికిపోయాడు. ఎవరేమన్నా అంటే "నేను శకుని, రాజుకు చెవిలో చెబుతున్నా" అన్నాడు. ఇప్పుడేమో నీ బల్ల మీద బొమ్మలు చూసి మూతి ముడుస్తున్నాడంట. మళ్ళీ అంటే ఆ చెవి సంగతి గుర్తుచెయ్యి.

వేషగాళ్ళు ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా పరుగులు తీసి తొడ పగలగొట్టిన తర్వాత, ద్రౌపది జుట్టు ముడి వేసుకున్న తర్వాత, ఆ మన్ను మన్నులో కలిసిపోతుంది. అన్నాళ్ళ కష్టం ఒక్క పొద్దుతో సరి. నీ బొమ్మలు అట్లా పోవు గదా, నీ అదృష్టం.

ఇప్పుడు నీ పని గురించి. ఏనుగంత ఒళ్ళు, దానికి సింహం తల, ఇంకో పెట్టెలోని గబ్బిలం రెక్కలు, డైనోసార్ ఆటబొమ్మ తోక. కోసి, అతికించి ఒక్కటి చేశావు. దానికి కిట్‌బాష్ అనో ఏదో పేరు చెప్పావు. పేరు కొత్త, పని పాతది. నాగలాపురం వేదనారాయణస్వామిని ఎన్నిసార్లు చూశావు? పైన విష్ణుమూర్తి, కింద చేప. చిన్నప్పుడు నా చంకనెక్కి "స్వామికి కాళ్ళు లేవా?" అని గట్టిగా అడిగి పూజారిని నవ్వించావు. అక్కడ మనిషి ఎక్కడ ఆగాడు, చేప ఎక్కడ మొదలైంది అని ఈసారి వచ్చినప్పుడు అతుకు వెతికి చూడు. గుడి స్తంభాల మీద యాళిని చూడు. సింహానికి తొండం పెట్టినవాడు ఆ కలిసేచోట జూలు దించాడు, ఉంగరాలు తిప్పాడు, గొలుసులు వేశాడు. నీ రెక్కలు వీపు మీద ఊరికే గుచ్చినట్టున్నాయి. రెక్క ఆడాలంటే భుజం దగ్గర కండ ఉండాలి గదా. నీ పసుపు, నీలం కలిపి పిసికే ఆకుపచ్చ ముద్ద ఉంది గదా, దాంతో అక్కడ కొంచెం కండ పెంచు. ఆ ముద్ద గురించి నువ్వు గొప్పగా రాస్తే నవ్వొచ్చింది. కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి కర్రతో కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. నీది సీమ మక్కు, అంతే. అది ఖరీదని ఎం-సీల్ వాడుతున్నానన్నావు. మంచిదే, చేతికి తొడుగు వేసుకుని పిసుకు.

ఆ డైనోసార్ తోక మాత్రం తీయకు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన గైగాక్స్, చవక ప్లాస్టిక్ ఆటబొమ్మలు కొని వాటిని చూసే కొన్ని వింత జంతువులను కల్పించాడని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. తిరునాళ్ళ బొమ్మలోంచి రాక్షసుడు పుట్టడం నాకు భలే నచ్చింది.

ఇంతవరకూ నీ మీద కోపం లేదు. కోపమంతా మూడో ఫోటో మీద. నీ స్నేహితుడు పక్కనుంచి తీశాడు. నువ్వు బల్ల మీదికి వంగి ఉన్నావు, దీపం వెలుగులో ఆ గడ్డం అచ్చం మీ తాతదే. ఒక నిమిషం అట్లాగే చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత కనిపించింది, కుంచె మొన నీ పెదాల మధ్య. ఫోటో పెద్దది చేసి చూశాను. కింది పెదవి మీద ఆకుపచ్చ మరక.

చిన్నా, కుంచె నోట్లో పెట్టొద్దు.

ఎందుకు పెడతారో నాకు తెలుసు. ఉమ్మిలో కొంచెం జిగురుంటుంది, వెంట్రుకలన్నీ ఒక్క మొనకు వస్తాయి. రాక్షసుడి కంటిపాప అంత సన్నగా పెట్టాలి గదా మరి. మా చిన్నతనంలో కొలువు బొమ్మలకు రంగులేయడానికి ఒకాయన వచ్చేవాడు. కంచి నుంచి తెచ్చిన మట్టి బొమ్మలు రంగు వెలిసిపోతే దసరాకు ముందు మా అరుగు మీదే కూర్చుని అన్నిటినీ కొత్తవి చేసి వెళ్ళేవాడు. ఎంత పనితనమో! అమ్మవారి కనుబొమ్మ ఒక్క గీతతో వచ్చేది. ప్రతి గీతకూ ముందు కుంచె నాలుక మీద పెట్టేవాడు. "ఈరోజు ఏ రంగు తాతా?" అని మేము అడిగితే నాలుక బయటపెట్టి చూపించేవాడు. మాకు అది పెద్ద తమాషా. ఆయన చిగుళ్ళ మీద నల్లని గీత ఒకటుండేది. కడుపునొప్పని తరచూ పని మధ్యలో ముడుచుకుని పడుకునేవాడు. చివరికి మణికట్టు వాలిపోయి కుంచె నిలవలేదు. సఫేదా అంటే సీసమని, సింధూరంలోనూ సీసముందని, ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో పాషాణం ఉంటాయని అప్పుడు మాకు ఎవరు చెబుతారు? ఆయనకు అవే కారణమని వైద్యులెవరూ తేల్చలేదు, నేనూ తేల్చను. తర్వాత టీచర్ ట్రైనింగ్‌లో సీసం విషం పాఠం చదువుతుంటే చిగుళ్ళ మీద గీత, కడుపునొప్పి, వాలిన మణికట్టు వరసగా కనిపించాయి. ఆ పూట అన్నం సయించలేదు.

నీకు ఇంకొకటి చెప్పాలి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఆరెంజ్ అనే ఊరుంది. అక్కడ 1917 నుంచి గడియారాల ముఖం మీద చీకట్లో మెరిసే అంకెలు వేసే పని సాగింది. రంగులో రేడియం. పనిచేసినవాళ్ళు ఆడపిల్లలు, చాలామంది నీకన్నా చిన్నవాళ్ళు. కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకోమని పై వాళ్ళే నేర్పించారు. ఏమీ కాదని కూడా చెప్పారు. పళ్ళు ఊడాయి, దవడ ఎముక పుచ్చింది. 1922లో మొదటి పిల్ల పోయింది. గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయి, ఆమెతో మరో నలుగురు 1927లో కోర్టుకెక్కారు, మరుసటి ఏడు పరిహారం ఒప్పందమైంది. ఆ డబ్బు తినడానికి వాళ్ళకు ఆయుష్షు ఎక్కడుంది?

నీ సీసాల్లో రేడియం లేదని నాకు తెలుసు. "అత్తా, ఇవి నీళ్ళ రంగులు, నాన్-టాక్సిక్ అని రాసుంది" అంటావు. విషం లేదని రాస్తారు గానీ, నాకమని ఎవడైనా రాశాడా? ప్లాస్టిక్ బొమ్మలతో సరదా తీరక పాత లోహపు బొమ్మలు కూడా కొన్నానన్నావు. 1990ల దాకా అట్లాంటి బొమ్మల్లో చాలావాటికి సీసం కలిపిన లోహమే పోసేవాళ్ళు. వాటి మీద బూడిదరంగు పొడి రాలుతుంటే సీసం చెడుతున్నట్టే. వాటిని రాకి, అదే చేత్తో కుంచె తిప్పి, ఆ కుంచె నోట్లో! రెజిన్ బొమ్మలను ఆకురాయితో గీసేటప్పుడు మాస్కు పెట్టుకో, తడి చేసి గియ్యి, పొడి లేవదు. ప్రైమర్ స్ప్రే గదిలో కొట్టొద్దు, మేడ మీదికి పో. కాఫీ గ్లాసూ కుంచె కడిగే గ్లాసూ పక్కపక్కన ఉన్నాయి ఫోటోలో, అదీ చూశాను. ఏదో ఒక రాత్రి తప్పక తారుమారవుతుంది.

సురుటుపల్లికి నిన్ను ఎత్తుకెళ్ళినప్పుడు "శివుడు ఎందుకు పడుకున్నాడు?" అని అడిగావు. హాలాహలం మింగి సొమ్మసిల్లాడు, అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు అని చెప్పాను. అంతటివాడికే అట్లా అయింది. నువ్వు బెంగుళూరులో పడిపోతే తల పెట్టుకోవడానికి అక్కడ ఎవరి ఒడి ఉంది?

ఇంత దూరం నుంచి ఇట్లా రాశానని బాధపడకు. బువ్వ వేళకు తింటున్నావా? ఆవకాయ అయిపోతే చెప్పు, మన ఊరి పిల్లోడు సోమవారం వస్తాడు, పంపిస్తా. రాత్రి రెండు దాకా మేలుకుంటే కళ్ళు పోతాయి, ఆ కళ్ళతోనే గదా ఇన్ని పనులూ.

కుంచె మొన రావాలంటే, తడిపి, కాగితం మీద వాల్చి మెల్లగా తిప్పు. లేదా బొటనవేలి గోరు మీద తిప్పు, ఉమ్మి అక్కర్లేదు. పని అయ్యాక సబ్బుతో కడిగి మొన సరిచేసి పడుకోబెట్టు. మంచి కుంచె కొనేటప్పుడు ముంగిస వెంట్రుకలని ఎవరైనా చెబితే కొనొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. ఒక్కో కుంచె వెనక ఎన్ని ముంగిసలు పోయాయో!

నీ రాక్షసుడి వీపుకు ఇంకా రంగు వేయలేదు. ముందు వైపే బల్ల మీద కనిపిస్తుందంటావేమో, ఎదురుగా కూర్చునేవాడికి కనిపించేది ఆ వీపే. ఛాతీ మీద వెలుగు పైనుంచి పడినట్టు బాగా తెచ్చావు, భుజాల మీద లేతగా, కడుపు కింద చీకటిగా. ఆ నేర్పు నీకెవరు నేర్పారో రాయి. నాకు గర్వంగా ఉంది, మీ అమ్మతో కూడా అన్నాను.

దసరాకు తప్పక రా. ఆ రాక్షసుణ్ణి గుడ్డలో చుట్టి తీసుకురా, కొలువులో పెడదాం. మీ అమ్మను ఒప్పించే పని నాది.

అంతకన్నా ముందు ఒక పని చెయ్యి. నీ రంగు సీసాలు, ట్యూబులు అన్నిటి వెనక చిన్న అక్షరాల్లో రాసింది ఫోటోలు తీసి పంపు. రంగు కోడ్ పి.ఆర్.108 అనో, పి.వై.35 అనో కనిపిస్తే అది కాడ్మియం, ఆ సీసాలు విడిగా పెట్టు. పి.డబ్ల్యు.1 అంటే సీసపు తెలుపు, అది ఇంట్లోనే వద్దు. పి.డబ్ల్యు.6 అయితే టైటానియం, అది వాడుకో. మామ అద్దాలు పెట్టుకుని నేను చదివి ఒక్కోదానికీ జవాబు రాస్తా. ఈ వారంలోనే పంపు నాయనా.

ఇట్లు,
మీ అత్త.