పెరటి దొడ్డిలో తుంగ



తొలకరి పడిన వెంటనే మన దొడ్లలో మొదట లేచునది మనము విత్తినది కాదు, తుంగ. బెండ, గోరుచిక్కుడు గింజలు మొలకెత్తకముందే అది బెత్తెడు ఎత్తున నిలుచును. "ఉన్న రెండు సెంట్లను తుంగ మ్రింగివేసినది, ఇక కూరలు సంతలోనే కొనుచున్నాము" అని చెప్పు కుటుంబములు మన పల్లెలలో అనేకములు కలవు. కూలి డబ్బుతో బ్రదుకువారికి ఆ ఖర్చు చిన్నది కాదు. కాబట్టి ఈ నెల తుంగను గూర్చి నేర్చుకొందము.

ముందు దానిని గుర్తుపట్టవలెను. చూచుటకు గడ్డివలె నుండును గాని, కాడను వ్రేళ్ల మధ్య త్రిప్పిచూచినయెడల మూడు పలకలుగా తగులును. ప్రపంచములోని చెడ్డ కలుపు మొక్కలను గూర్చి 1977లో వెలువడిన ఒక పెద్ద గ్రంథము దీనికే మొదటి స్థానమిచ్చినది. తొంబదికి పైగా దేశములలో ఇది రైతును ఏడ్పించుచున్నది. కనుక మన దొడ్డి మాత్రమే చెడిపోయినదని ఎవరును దిగులుపడనక్కరలేదు.

దీని బలము ఆకులో లేదు, విత్తనములోను అంతగా లేదు. నేలలోని గడ్డలలో నున్నది. ఈ చిన్న గడ్డలు సన్నని వేరువంటి తీగతో పూసల దండవలె ఒకదానికొకటి కూర్చబడియుండును. దండ తెగక యున్నంతకాలము ఒకటి మొలిచి, తక్కినవి చాలమట్టుకు నిద్రించును. దండను తెంచితిమా, నిద్రించుచున్నవి లేచును! అందుచేతనే తడి నేలను ఒక్కసారి దున్ని విడిచినవాడు ఒక మొక్కకు బదులు పది చూచును. చేతితో పెరికినను ఆకు వచ్చును గాని గడ్డ క్రిందనే నిలిచిపోవును.

పంటకోత వరకు గురుగులను ఎదుగనిమ్మని సువార్తలో ఉన్నది గదా అని కొందరు అడుగుదురు. ఆ ఉపమానములోని గురుగులు గోధుమల నడుమ మొలిచినవి. వాటిని పెరికినయెడల గోధుమలును ఊడివచ్చునను భయము అక్కడ ఉన్నది. ఖాళీగానున్న దొడ్డికి ఆ మాటను అన్వయించుట సోమరితనమునకు సాకు వెదకుటయే.

మరి ఏమి చేయవలెను? తుంగ గడ్డకు ఎండుదల గిట్టదు. రోహిణి కార్తెకు ముందే, నేల బాగుగా ఎండియున్నప్పుడు, గడ్డపారతో అడుగు లోతు త్రవ్వి పెళ్లలను తిరుగవేయుడి. ఎక్కువ గడ్డలు జానెడు లోతులోపలనే యుండును. చేతికి దొరికినవాటిని ఏరి, తక్కినవాటిని రెండు వారములు ఎండకు వదలుడి. నడుమ ఒకసారి పెళ్లలను మరల త్రిప్పుట మరువవద్దు. నీడనున్న ప్రక్క గడ్డ చావదు. అకాల వర్షము కురిసినయెడల ఈ పని మరల చేయవలసినదే.

వర్షములు వచ్చిన తరువాత మిగిలినవి తప్పక మొలచును. మొలచిన కొద్ది వారములకే అవి క్రొత్త గడ్డలు కట్ట మొదలుపెట్టును గనుక, పదిహేను దినములు మించనీయక పారతో చెక్కుచుండవలెను. ఆకు పోయినప్పుడెల్ల గడ్డ తన నిల్వను ఖర్చుపెట్టి మరల మొలచును. ఆ నిల్వ తరిగినకొలది అది నీరసించును. నెల విడిచితిమా, పడిన శ్రమ వ్యర్థము.

తుంగ నీడను ఓర్వలేదు. ఖాళీ నేలను దానికి విడువక జనుమును దట్టముగా చల్లుడి, లేదా నేలను కప్పు అలసందను గాని చిలగడదుంపను గాని వేయుడి. పలుచని ప్లాస్టిక్ పట్టా పరచి నమ్ముకొనవద్దు. సూదివంటి తుంగ మొలక దానిని పొడుచుకొని వచ్చును. ఉప్పు పోయుమని సలహా చెప్పువారున్నారు. అట్లు చేసినయెడల నేలయే చెడును. కలుపు మందులలో కొన్ని కూరమొక్కలనుకూడ చంపును గనుక వ్యవసాయాధికారిని అడుగక కొట్టవద్దు.

ఇది ఒక్క యేట ముగియు పని కాదు. రెండు మూడు వేసవులైనను పట్టును. మొదటి యేట దొడ్డినంతటిని పట్టుకొనక, అర సెంటు శుభ్రపరచి అందులో కూర పండించుకొనుట మేలని మా అభిప్రాయము.

ఏరిన గడ్డలను పెంటకుప్పలో వేయవద్దు; ఎరువుతో కలిసి అవి మరల దొడ్డికే వచ్చును. పచ్చివాటిని పందులు ఇష్టముగా తినును. బాగుగా ఎండినవాటిని కాల్చివేయవచ్చును, లేక తుంగముస్తలని మందుల కొరకు కొనువారికి ఇయ్యవచ్చును. పొరుగువారి దొడ్డినుండి నారు తెచ్చుకొనునప్పుడు వేళ్లకంటిన మట్టిని అక్కడనే విదిలించి చూడుడి.