యూరియా సీసా – విశ్వాసి వివేచన



ఆకివీడు చుట్టుపక్కల ఊళ్లలో ఎరువుల మాట వస్తే ఇప్పుడు నానో యూరియా ప్రస్తావన కూడా వస్తుంది. “అరలీటరు సీసాతో చేను పండుతుందా?” అని కొందరు కొట్టిపారేస్తారు. “సైన్సు కనిపెట్టింది, ఇక సందేహమెందుకు?” అని కొందరు నమ్ముతారు. బస్తా కావాలంటే సీసా కొనాల్సిందే అన్నారని మరికొందరికి కోపం. ఈ మూడు ధోరణులను విశ్వాసపు వెలుగులో పరిశీలిద్దాం.

నానో అంటే ఏమిటి?

మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. పదార్థాన్ని ఇంత సూక్ష్మంగా చేస్తే దాని గుణాలు మారవచ్చు. మందుల తయారీలో, కంప్యూటరు చిప్పులలో ఈ విద్య ఇప్పటికే ఉంది. మన పొలాలకు మాత్రం 2021లో ఇఫ్కో సహకార సంస్థ తెచ్చిన నానో యూరియాతో దగ్గరైంది. 2023లో నానో డి.ఎ.పి. కూడా వచ్చింది.

వాదం, ప్రతివాదం

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. మొదట వచ్చిన 500 మిల్లీలీటర్ల సీసాలో ఉన్నది 20 గ్రాములే. 2024లో వచ్చిన ‘ప్లస్’ రకంలో ఈ శాతాన్ని పెంచారు. గుళికల యూరియా చాలా భాగం గాలిలోకి, నీటిలోకి పోతుందనీ, ఆకు మీద చల్లిన సూక్ష్మకణాలు నేరుగా మొక్కకు అందుతాయనీ తయారీదారుల మాట. 11,000 పొలాల్లో పరీక్షించగా దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని వారు చెప్పారు. కాని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు చేసిన ప్రయోగాల్లో, సిఫారసు చేసిన యూరియా మోతాదుతో పోలిస్తే వరి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి.

శాస్త్రవేత్తల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు రైతు సందేహించడం అజ్ఞానం కాదు. ఒక పంట దెబ్బతింటే కౌలు రైతుకు మిగిలేది అప్పే.

శ్రీసభ బోధ

ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో నానోటెక్నాలజీని పేరుపెట్టి ప్రస్తావించారు (102). మానవ మేధస్సు దేవుని వరమని అక్కడ సంతోషించారు. ఆ వెంటనే, శక్తి పెరిగినంతగా బాధ్యత పెరగలేదని హెచ్చరించారు. నిర్ణయాలు చేసేటప్పుడు స్థానిక ప్రజలకు ప్రత్యేక స్థానం ఉండాలన్నారు (183).

ఈ మాట విలువ కొల్లేటి ప్రజలకు తెలుసు. చేపల చెరువులు వచ్చినప్పుడు డబ్బు వచ్చింది. సరస్సు కుంచించుకుపోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో అక్రమ చెరువుల గట్లు తెంచారు. లాభం కొందరు ముందే తీసుకున్నారు. నష్టం చిన్నవారికి చివర్లో వచ్చింది. కొత్తది ఏది వచ్చినా “లాభం ఎవరిది, నష్టం ఎవరిది?” అని ముందే అడగడం ఈ నేల నేర్పిన పాఠం.

మన కర్తవ్యం

అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని నిలుపుకోమని పునీత పౌలు బోధించాడు (1 తెస్స 5:21). పరీక్షించకుండా తోసివేయడమూ, పరీక్షించకుండా నమ్మడమూ రెండూ ఈ బోధకు దూరమే. ఒక చిన్న మడిలో వాడి, పక్క మడితో ధాన్యం తూచి చూడటం మంచిది. పిచికారీ కూలీ ఖర్చునూ లెక్కలో వేయాలి. పిచికారీ చేసేవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

బలవంతపు అమ్మకం వేరే సంగతి. అది అన్యాయం. నానో ఎరువులను బస్తాలకు ముడిపెట్టడం ఆపించాలని కేంద్ర వ్యవసాయ మంత్రి 2025 జూలైలో ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది (11:1). ఇష్టంలేని సరుకు అంటగట్టడం కూడా ఆ కోవలోనిదే. సరుకు మంచిదే అయినా, బలవంతం చేస్తే దాని మీద నమ్మకం పోతుంది. కొనేవాడు బిల్లు అడగాలి; అమ్మే విశ్వాసి మనస్సాక్షిని అడగాలి.

కుటుంబ ప్రార్థన తర్వాత చర్చించండి:

1. కొత్త వస్తువును మన ఇంట్లో భయంతో చూస్తామా, మోజుతో చూస్తామా, వివేచనతో చూస్తామా?
2. మన విచారణలో చదువుకున్న యువతీయువకులు రైతులకు సీసా మీది వివరాలు చదివి చెప్పగలరా?
3. మన లాభం వల్ల నష్టపోయే పేదవారు ఎవరైనా ఉన్నారా?