మోచేతి నొప్పికి స్కానింగ్ అవసరమా?

బట్టలు పిండినా, బిందె ఎత్తినా మోచేతి బయటివైపు నొప్పి వస్తున్నదా? అది ‘టెన్నిస్ ఎల్బో’ కావచ్చును. టెన్నిస్ ఆడనివారికీ ఇది వస్తుంది. మణికట్టును పైకి లేపే కండరాన్ని మోచేతి ఎముకకు అంటిపెట్టి ఉంచే టెండాన్ క్రమంగా దెబ్బతినడమే దీనికి కారణం.

సాధారణంగా చేతిని పరీక్షించి, ఏ పనికి నొప్పి వస్తుందో అడిగి మేము దీనిని గుర్తిస్తాము. ఎక్స్‌రేలో ఎముక తెలుస్తుంది గాని టెండాన్ సరిగా కనిపించదు. అల్ట్రాసౌండ్‌లో దెబ్బతిన్న టెండాన్ లావుగా, నల్లగా కనిపిస్తుంది, చీలికలూ తెలుస్తాయి. ఖర్చు ఎక్కువైన ఎం.ఆర్.ఐ.ని ఆపరేషన్ ఆలోచన గాని, వేరే జబ్బు అనుమానం గాని ఉన్నప్పుడే వ్రాస్తాము.

నొప్పి లేనివారి స్కానింగ్‌లోనూ ఇటువంటి మార్పులు కనిపించవచ్చును. కనుక రిపోర్టు చూసి భయపడకండి. బరువు పనులు తగ్గించి, వ్యాయామం చేస్తే చాలామందికి ఏడాదిలోగా తగ్గిపోతుంది. ఆరు నెలలైనా తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా తప్పక డాక్టరుకు చూపించండి.