మందు మార్చే ముందు

“సిస్టరుగారూ, వైరల్ లోడ్ ఎక్కువొచ్చింది, మందు మార్పించండి” అని అడుగుతుంటారు. తొందరపడకండి. ఒక మిల్లీలీటరు రక్తంలో 1000 కాపీలు దాటినంత మాత్రాన మందు పనిచేయడం లేదని కాదు. తరచు కారణం మాత్రలు తప్పిపోవడమే. పెళ్లికి వెళుతూ, చుట్టాలు చూస్తారని డబ్బా ఇంట్లోనే వదిలేసేవారు ఎందరో! కౌన్సెలర్‌కు నిజం చెప్పండి, మేము కోప్పడం. డోలుటెగ్రావిర్ మాత్రతోపాటే పరగడుపున ఐరన్, కాల్షియం బిళ్లలు మింగినా మందు ఒంటికి సరిగా పట్టదు. టీబీ మందులు వాడుతుంటే అదీ చెప్పండి.

మూడు నెలలు ఒక్క రోజూ తప్పకుండా వాడాక మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ 1000 పైనే ఉంటే ఏఆర్‌టీ సెంటర్ డాక్టర్లు సెకండ్ లైన్ మందులకు పంపుతారు. అవీ ఉచితమే. కొత్తవి చేతికొచ్చేదాకా పాతవి మానొద్దు. ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రం ఆ రోజే రండి.